పాఠం తెలుగులో అర్థమవుతోంది, జవాబు ఇంగ్లీషులో ఆగిపోతోంది

పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నారు. ఒకటో తరగతి నుంచి బీఈడీ దాకా ఆమె చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో తెలుగులోనే పాఠం చెప్పి, పదో తరగతిలో మంచి ఫలితాలు సాధించారు. ఇప్పుడు ఆమె చెప్పే తరగతులన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి. తొమ్మిదో తరగతిలో నలభై రెండు మంది పిల్లలున్నారు. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, గైడులోని ఇంగ్లీషు జవాబు బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. ఈ రెంటికీ మధ్య సంబంధం ఉన్నట్టు వాళ్ళకు తెలియదని ఆమె బాధ.

ఆమె ఒక పిల్లవాడి సంగతి ప్రత్యేకంగా రాశారు. వాళ్ళ నాన్న మోటారు పంపుసెట్లు బాగుచేస్తారు. బస్సు ఠక్కున ఆగితే మనం ముందుకు ఎందుకు తూలుతామని అడిగినప్పుడు ఆ అబ్బాయి లేచి, బస్సుకు బ్రేకు పడింది గానీ మన ఒంటికి పడలేదని చెప్పాడట. జడత్వాన్ని అంత బాగా తాను కూడా ఎప్పుడూ చెప్పలేదని ఆమె అంటున్నారు. వారం తర్వాత జరిగిన పరీక్షలో అదే ప్రశ్న ఇంగ్లీషులో వస్తే, ఆ అబ్బాయి ఘర్షణ గురించి గైడులో ఉన్న జవాబును ఒక్క తప్పు లేకుండా రాసి పెట్టాడు. సున్నా వేయవలసి వచ్చింది.

ఇంకొక సంఘటన ఆమెను మరీ కలచివేసింది. తెలుగులో పాఠం చెబుతుండగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఆయన గుమ్మం దగ్గర కనబడగానే ఆమె వాక్యం మధ్యలోనే ఇంగ్లీషులోకి మారి, పుస్తకం చూసి చదవడం మొదలుపెట్టారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆ అధికారి, ఇంగ్లీషు మీడియం క్లాసులో తెలుగు వినబడకూడదని ప్రధానోపాధ్యాయుడితో అని వెళ్ళారు. ఆ రోజు నుంచి ఆమెకు తరగతిలో అడుగుపెట్టాలంటేనే సంకోచంగా ఉంది. తోటి ఉపాధ్యాయుడొకరు మాత్రం అంతా బోర్డు మీద ఇంగ్లీషులో రాసి, పిల్లల చేత ఎక్కించి, ఏ గొడవా లేకుండా సిలబస్ పూర్తి చేసుకుంటున్నారు. "నేను తెలుగులో చెప్పి పిల్లలను మోసం చేస్తున్నానా? పూర్తిగా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాలా? నా ఇంగ్లీషే అంతంతమాత్రం. ప్రాథమిక పాఠశాలలున్న చోటికి ఏదో రకంగా బదిలీ పెట్టుకుని తప్పుకోవడం మంచిదా?" అని ఆమె అడుగుతున్నారు.

టీచరు గారూ,

మీ ఉత్తరంలో మూడు సమస్యలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. పిల్లలకు సైన్సు వస్తోందా లేదా అన్నది ఒకటి. వచ్చిన సైన్సును వాళ్ళు ఇంగ్లీషులో చెప్పగలుగుతున్నారా అన్నది ఇంకొకటి. ఒక అధికారి ముందు మీకు కలిగిన చిన్నతనం మూడోది. మీరు మూడింటినీ కలిపి "నేను పనికిరాను" అనే ఒకే మాటగా మార్చుకున్నారు. బ్రేకు గురించి ఆ అబ్బాయి చెప్పిన వాక్యం మీ తరగతిలోనే పుట్టిందని మరిచిపోకండి. మొదటి సమస్యలో మీరు ఓడిపోలేదు. తెగింది రెండోచోట, అర్థమైన విషయానికీ రాయవలసిన భాషకూ మధ్య.

అది ఎందుకు తెగుతుందో తెలిస్తే మీ మనసు కొంత కుదుటపడుతుంది. ఒక భాషలో కబుర్లు చెప్పగలగడం వేరు, ఆ భాషలో చదువుకోగలగడం వేరు అని కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు వలస వచ్చిన పిల్లలు రెండేళ్ళలో ఆటస్థలంలో ఇంగ్లీషు దంచేస్తారు గానీ, తరగతిలో పాఠ్యవిషయాల ఇంగ్లీషులో తోటివాళ్ళ స్థాయికి రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ఆయన, ఇతర పరిశోధకులు గమనించారు. బడి బయట బజారులో, బస్సులో, టీవీలో నిరంతరం ఇంగ్లీషు వినే పిల్లల లెక్క అది. మీ పిల్లలు బడిగంట కొట్టాక మర్నాడు పొద్దున దాకా ఇంగ్లీషు వాక్యం వినరు. వాళ్ళు తొమ్మిదో తరగతిలో సొంతంగా మూడు వాక్యాలు రాయలేకపోవడం మందబుద్ధీ కాదు, మీ అసమర్థతా కాదు.

అయితే పాత రోజుల్లో తెలుగు మాధ్యమంలో అంతా సాఫీగా సాగిందని అనుకోవడం కూడా పొరపాటే. మీ చిన్నప్పుడు "ద్రవ్యవేగ నిత్యత్వ నియమం" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో మనకు ఉన్నది వేగం ఒక్కటే. బడిలో మాత్రం వడి వేరు, వేగం వేరు, వేగానికి దిశ కూడా కావాలి. సంతలో తూచేది బరువే, మాట్లాడేదీ బరువే. ద్రవ్యరాశి అనే మాట తక్కెడ దగ్గర ఎవరూ అనరు. శాస్త్రం ఏ భాషలో చెప్పినా కొంతవరకు పరాయి భాషే. తెలుగు మాధ్యమంలో మన అదృష్టమల్లా ఆ పరాయి మాటల చుట్టూ ఉన్న క్రియలు, విభక్తులు, వాక్యాల అల్లిక మనకు పుట్టుకతో వచ్చినవి కావడమే. మీ పిల్లలకు మాటా కొత్తదే, అల్లికా కొత్తదే. రెండు బరువులు ఒకేసారి ఎత్తమంటున్నాం.

నేను కూడా పదో తరగతి తెలుగులో చదివి ఇంటర్లో ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చున్నవాడినే. మొదటి రెండు నెలలు లెక్చరర్ నోట "వెలాసిటీ" అన్న మాట పడినప్పుడల్లా, అది నాకు ఎప్పుడో తెలిసిన వేగమేనని నాకు తట్టలేదు. అది వేగమే అని ఒక్కరు ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడం నామోషీ అనుకున్నారో, తెలిసే ఉంటుందనుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మీ ముందున్న దారులను ఒక్కొక్కటే చూద్దాం.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతినే కొనసాగించవచ్చు, అంటే తెలుగులో వివరించి, ఇంగ్లీషు జవాబులు రాయించి, బట్టీ పట్టించడం. దీనిని నేను ఒక్క మాటతో కొట్టిపారేయను. తరగతిలో భయం ఉండదు, విషయం కొంత అర్థమవుతుంది, పదో తరగతి గట్టెక్కడానికి కూడా చాలామందికి ఇది సరిపోతుంది. దీని ఖరీదు తర్వాత తెలుస్తుంది. ఇంటర్లోనో పాలిటెక్నిక్‌లోనో చేరినప్పుడు అక్కడ తెలుగు పేజీ ఉండదు, గైడు జవాబులతో పని జరగదు. మీ పిల్లవాడు జడత్వానికి ఘర్షణ జవాబు రాసింది జడత్వం తెలియక కాదు, ప్రశ్న చదవలేక. ప్రశ్నలో తనకు తెలిసిన రెండు మూడు మాటలు చూసి, వాటికి దగ్గరగా ఉన్న జవాబును బయటికి తీశాడు. ఈ పద్ధతి అతనికి నేర్పింది అదే, ఇంగ్లీషు కనబడినప్పుడు ఆలోచించడం ఆపేసి జ్ఞాపకాన్ని తడుముకోవడం.

రెండో దారి ఆ అధికారి కోరినట్టు అంతా ఇంగ్లీషులోనే చెప్పడం. ఇంగ్లీషు వినే కొద్దీ వస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ అర్థమయ్యే ఇంగ్లీషు వింటే వస్తుంది, అర్థం కానిది ఎంత విన్నా అది చప్పుడే. వారంలో నాలుగు పీరియడ్లు అలా గడిస్తే సైన్సూ పోతుంది, ఇంగ్లీషూ రాదు. ముందు వరుసలోని అయిదారుగురు మీ వెంట వస్తారు, మిగతావాళ్ళు బోర్డు ఎక్కించుకోవడంలో నేర్పరులవుతారు. మీరే ఇంగ్లీషులో తడుముకుంటున్నప్పుడు ఇంకొక ప్రమాదం ఉంది. మీరు చెప్పగలిగినంతే చెబుతారు, ఉదాహరణలు మానేస్తారు, పిల్లల ప్రశ్నలు రాకుండా చూసుకుంటారు. పద్నాలుగేళ్ళ అనుభవమున్న ఉపాధ్యాయిని పుస్తకం చదివి వినిపించే మనిషి స్థాయికి దిగిపోతారు. తోటి ఉపాధ్యాయుడి తరగతి ప్రశాంతంగా ఉందన్నారు కదా, అక్కడ ఎవరూ ఏమీ అడగకపోవడం వల్ల కూడా ప్రశాంతత వస్తుంది.

మూడో దారిలో రెండు భాషలూ ఉంటాయి గానీ, ఏ నిమిషంలో ఏది అన్నది ముందే నిర్ణయించుకోవాలి. నా మొగ్గు ఇటువైపే. ఇది కొత్త సంగతేమీ కాదు. వేల్స్ దేశపు బడుల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ వాడుతూ, ఒక భాషలో చదివిన దాన్ని ఇంకొక భాషలో చెప్పించే పద్ధతిని కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త 1994లో తన పరిశోధనలో వివరించారు. ఒక భాషలో లోపలికి వెళ్ళినది ఇంకొక భాషలో బయటికి రావాలంటే మధ్యలో మెదడు పనిచేయక తప్పదు, బట్టీకి అక్కడ చోటు దొరకదు. మీరూ తెలుగు వాడుతూనే ఉన్నారు, కానీ దొంగచాటుగా, ఒక బలహీనతలాగా వాడుతున్నారు. అలా వాడినప్పుడు తెలుగు ఎక్కడ ఆగాలో, ఇంగ్లీషు ఎక్కడ మొదలవ్వాలో ఎవరికీ తెలియదు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో "పని" అనే పాఠంతోనే చూడండి. ఒక అబ్బాయిని పిలిచి, పుస్తకాల సంచి నెత్తిన పెట్టి, కదలకుండా నిలబడమనండి. అతను పని చేస్తున్నాడా అని తెలుగులో అడగండి. చేస్తున్నాడని అందరూ అంటారు. సంచి కదలలేదు కాబట్టి భౌతికశాస్త్రం లెక్కలో ఆ సంచి మీద అతను చేసిన పని సున్నా అని చెప్పండి. చెమట పట్టింది కదా, మెడ నొప్పి పుట్టింది కదా అని తరగతి మీ మీదికి వస్తుంది. ఆ పోట్లాట తెలుగులోనే జరగాలి. అందులో ఇంగ్లీషు పెడితే పోట్లాటే ఉండదు, పోట్లాట లేకపోతే భావనే ఉండదు. అయితే మొదటి నిమిషం నుంచీ బోర్డు మీద నాలుగు మాటలు ఇంగ్లీషులో ఉండాలి: వర్క్, ఫోర్స్, డిస్‌ప్లేస్‌మెంట్, జీరో. తెలుగు వాక్యంలోనే మీరు ఆ మాటలు వాడుతూ ఉండండి. పిల్లలు "డిస్‌ప్లేస్‌మెంట్ లేదు కదండీ, మరి వర్క్ ఎక్కడిది" అనేసరికి సగం దూరం వచ్చినట్టే. అది సంకర భాష అని ముఖం చిట్లించుకోనక్కరలేదు, మన డాక్టర్లూ మెకానిక్కులూ పని దగ్గర మాట్లాడేది అలాగే.

తర్వాత పుస్తకం తెరిపించండి. ఎదురెదురు పేజీల వల్ల పిల్లలకు మేలు జరగాలంటే ఆ పేజీలు ఒకదానితో ఒకటి మాట్లాడాలి, ఇప్పుడు వాటి మధ్య గోడ ఉంది. తెలుగు పేరా ఒకసారి చదివించి, ఆ పేజీని కాగితంతో మూయించండి. అదే పేరా ఇంగ్లీషులో ఎక్కడ ఉందో వెతికి, "దిశ" అన్నదానికి అక్కడ ఏ మాట వాడారో, "అయితే" అన్న అర్థం ఏ మాటలో దాక్కుందో గీత గీయమనండి. ఇద్దరిద్దరుగా చేస్తే పది నిమిషాల పని. కొన్నాళ్ళు గడిచాక వరుస తిప్పి, ముందు ఇంగ్లీషు పేరా, అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే తెలుగు పేరా అనండి. ఏడాది చివరికి తెలుగు పేజీ చూడవలసిన అవసరం ఎంతమందికి తగ్గిందో మీకే కనబడుతుంది.

ఇక్కడ మనమందరం చేసే ఒక పొరపాటు గురించి చెప్పాలి. కష్టమైనవి సాంకేతిక పదాలే అనుకుని వాటికి అర్థాలు రాయిస్తాం. పిల్లలు "యాక్సిలరేషన్" దగ్గర ఆగరు, అది పెద్ద మాట కాబట్టి దాన్ని ఎలాగో నేర్చుకుంటారు. ఆగేది "అన్‌లెస్", "దేర్‌ఫోర్", "వేరాజ్", "డ్యూ టు" లాంటి చిన్న మాటల దగ్గర. బాహ్యబలం పనిచేస్తే తప్ప వస్తువు తన స్థితి మార్చుకోదన్న వాక్యంలో తెలుగు పిల్లవాడికి ఆ "తప్ప" వాక్యం నడుమ, క్రియను అంటిపెట్టుకుని వినబడుతుంది. ఇంగ్లీషులో "అన్‌లెస్" క్రియకు దూరంగా, ఉపవాక్యం మొదట్లోనే కూర్చుంటుంది. అది అందకపోతే మొత్తం నియమమే తలకిందులు. అలాగే "ఎంత పెరిగితే అంత తగ్గుతుంది" అని మనం చెప్పేదాన్ని "వెన్ ద మాస్ ఇంక్రీజెస్, ద యాక్సిలరేషన్ డిక్రీజెస్" అనే అచ్చులో పోయించవచ్చు. ఇది బలం మారనప్పుడు. ఒక్క అచ్చు చేతికొస్తే దాంట్లో పీడనం, ఘనపరిమాణం, నిరోధం, విద్యుత్ ప్రవాహం అన్నీ పోయవచ్చు. ఏడాదికి ఇలాంటి అచ్చులు పది పన్నెండు చాలు. మీ బడిలో ఇంగ్లీషు చెప్పేవారితో మాట్లాడి, మీరు చలన నియమాలు చెప్పే వారంలోనే వారు "ఇఫ్", "అన్‌లెస్" వాక్యాలు చెప్పేటట్టు కుదుర్చుకోగలిగితే ఇద్దరి శ్రమా సగమవుతుంది.

ప్రశ్నల భాష కూడా ఒక పాఠమే. "డిఫైన్", "స్టేట్", "ఎక్స్‌ప్లెయిన్", "డిస్టింగ్విష్", "జస్టిఫై" అన్నప్పుడు ఒక్కొక్కటి ఏం అడుగుతోందో తెలుగులో విడమరచి చెప్పి, ఒకే విషయం మీద ఆ అయిదు రకాల ప్రశ్నలకూ జవాబు ఎలా మారుతుందో ఒక పీరియడ్ కేటాయించి చూపించండి. ఆ అబ్బాయికి పడిన సున్నాకు సరైన మందు ఇదే.

చివరి అయిదు నిమిషాల్లో పిల్లలు ఇంగ్లీషులో సొంతంగా రెండు మూడు వాక్యాలు రాయాలి. తప్పులుంటాయి, "ద బ్యాగ్ నాట్ మూవ్, సో వర్క్ ఈజ్ జీరో" అని రాస్తారు. దానికి పూర్తి మార్కులు వేయండి. మీరు పెట్టే చిన్న పరీక్షల్లో విషయానికి కొన్ని మార్కులు, భాషకు కొన్ని మార్కులు విడిగా వేస్తే పిల్లవాడికి తన లోటు ఎక్కడుందో తెలుస్తుంది. నెలకోసారి ఒకే ప్రశ్నను తెలుగులో నోటితో చెప్పించి, ఇంగ్లీషులో రాయించి చూడండి. తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయలేనివాడికి కావలసింది పైన చెప్పిన అచ్చులు. ఇంగ్లీషులో చక్కగా రాసి తెలుగులో చెప్పలేకపోతే అది బట్టీ అని గుర్తు, బయటికి తెలివైన పిల్లలుగా కనబడే కొందరు ఇక్కడ బయటపడి మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తారు. రెండింటిలోనూ చెప్పలేని వాళ్ళకు కావలసింది సైన్సు, భాష కాదు.

మీ తరగతిలో ఇద్దరు తండా పిల్లలు ఉన్నారని ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఆ పిల్లలకు మీరు దయతో ఇస్తున్న తెలుగు కూడా రెండో భాషే. వాళ్ళు వెనకబడితే ఇంగ్లీషు వల్లనేనని అనుకోకండి. ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెట్టి, చర్చ సమయంలో వాళ్ళు తమ భాషలో గుసగుసలాడుకుంటే ఊరుకోండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. మనం అంత చేయలేకపోయినా గుసగుసను అడ్డుకోకపోవడం మన చేతిలో పనే.

ఈ మూడో దారికి కూడా ఖరీదు ఉంది. మొదటి రెండు నెలలు సిలబస్ వెనకబడుతుంది. ప్రతి పాఠానికీ ముందు రోజు అరగంట కూర్చోవలసి వస్తుంది. తరగతి గోలగా ఉంటుంది, పక్క గదివారు ఫిర్యాదు చేయవచ్చు. నలభై రెండు మంది రాసిన తప్పుల వాక్యాలను దిద్దడం మామూలు పని కాదు. రోజుకు పది పుస్తకాలకు మించి పట్టుకోకండి, మిగతావి పిల్లల చేత పిల్లలకే దిద్దించండి. అన్ని పాఠాలకూ ఈ పద్ధతి పెట్టుకోకండి, పునాది లాంటి మూడు నాలుగు పాఠాలు ఎంచుకుని మిగతావి మామూలుగా లాగించేయండి. పదో తరగతిలో ప్రయోగాలు మొదలుపెట్టవద్దు, అక్కడ పరీక్ష ఒత్తిడి మిమ్మల్ని నడవనివ్వదు. ఎనిమిది, తొమ్మిదిలోనే చేయండి.

మీ ఇంగ్లీషు సంగతి. సాహిత్యం గురించి ఇంగ్లీషులో ఉపన్యసించమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. భౌతికశాస్త్రం ఇంగ్లీషు చాలా ఇరుకైనది, వాక్యాలు పొట్టివి, క్రియలు కొన్నే, కాలం దాదాపు ఎప్పుడూ వర్తమానమే. పాఠానికి పదిహేను వాక్యాలు రాసుకుని, గట్టిగా చదువుకుని, అనుమానమున్న మాట ఉచ్చారణ ఫోన్లో విని తరగతికి వెళ్ళండి. పిల్లల ముందు తప్పు పలికితే "ఇది నాకూ కొత్తే, కలిసి చూద్దాం" అనండి. నిఘంటువు తెరిచే టీచర్ని చూసిన పిల్లలు తామూ తెరుస్తారు.

ఇక ఆ అధికారి. ఆయన గుమ్మంలో కనబడగానే మీరు భాష మార్చిన క్షణం గురించి ఇంతమందిలో మీరొక్కరే రాశారు, జరిగేది మాత్రం చాలా తరగతుల్లో. పిల్లలు నవ్వింది మీ ఇంగ్లీషును చూసి కాదని నా అభిప్రాయం. అప్పటిదాకా తమతో మాట్లాడుతున్న మనిషి, పెద్దవాళ్ళు రాగానే తమ భాషను చీర కొంగు కింద దాచేసిందని వాళ్ళు కనిపెట్టారు. ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఉండాలంటే మీరు ధైర్యం తెచ్చుకోవడం ఒక్కటే సరిపోదు, చేతిలో కాగితం కూడా ఉండాలి. పాఠ ప్రణాళికలో ఏ దశలో తెలుగు, ఏ దశలో ఇంగ్లీషు అన్నది రాయండి. ప్రధానోపాధ్యాయుడికి ముందే చూపించి, సంతకం చేయించుకోండి.

మీ పక్షాన చెప్పుకోవడానికి ఆధారాలు లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం, వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని 29వ సెక్షన్‌లో అంటుంది. జాతీయ విద్యావిధానం 2020 ఇంకా సూటిగా, ఇంటిభాష ఒకటై బోధనా మాధ్యమం ఇంకొకటైన పిల్లలతో ఉపాధ్యాయులు ద్విభాషా పద్ధతి అనుసరించేలా ప్రోత్సహించాలని చెబుతుంది. సైన్సు, గణితాలకు రెండు భాషల్లో మంచి పుస్తకాలు తయారు చేయాలని కూడా అందులోనే ఉంది. అన్నిటికంటే పెద్ద ఆధారం మీ బల్ల మీదే ఉంది. తెలుగు వినబడకూడదనుకుంటే ప్రభుత్వం ఎదుటి పేజీలో తెలుగు అచ్చు వేయించి ఉండేది కాదు. తెలంగాణ కూడా 2022–23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టినప్పుడు రెండు భాషల పుస్తకాలే ఇచ్చింది. ఇవన్నీ అధికారితో వాదించడానికి కాదు, మీ మాట తడబడకుండా ఉండటానికి. వచ్చిన ప్రతి అధికారినీ శత్రువుగా చూడనక్కరలేదు కూడా. బడిలో చెప్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకుందని ఉత్తరాంధ్రలో ఆరా తీసినవాడు యేట్స్ అనే ఒక స్కూళ్ళ ఇన్‌స్పెక్టరే, గిడుగు వారి వ్యావహారిక ఉద్యమానికి ఆ ప్రశ్న కూడా ఒక మొదలు. మీ అధికారి మళ్ళీ వచ్చినప్పుడు పిల్లలు సొంతంగా రాసిన వాక్యాల పుస్తకాలు ఆయన చేతికివ్వండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమని వినయంగా అడిగే హక్కు మీకుంది. అలా అడగడం వల్ల కొన్నాళ్ళు ముభావం భరించవలసి రావచ్చునని కూడా చెప్పాలి. అది మీ స్వభావానికి సరిపడకపోతే, ప్రధానోపాధ్యాయుడి చేత మాట్లాడించడమే మేలు.

తల్లిదండ్రులతో మాధ్యమం గురించి చర్చకు దిగకండి. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత ఏ మాధ్యమం కావాలో చెప్పమని ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి, 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లీషే కోరుకున్నారని ప్రకటించింది. ఆ సేకరణ ఎలా జరిగిందన్నదాని మీద వాదాలుండవచ్చు గానీ కోరిక మాత్రం నిజమైనది. ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలకు దొరికే ఇంగ్లీషు తమ పిల్లలకు ఎందుకు దొరకకూడదన్న ప్రశ్నకు మన దగ్గర మర్యాదైన జవాబు లేదు. ఇంగ్లీషు వస్తుందా అని వాళ్ళు అడిగితే, వాళ్ళ పిల్లవాడు జూన్‌లో రాసిన మూడు వాక్యాలు, డిసెంబరులో రాసిన మూడు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపించండి.

మోసం అన్న మాట వాడారు. తెలుగులో చెప్పడం మోసం కాదు. తెలుగులో చెప్పి, ఇంగ్లీషు వచ్చేసినట్టు మార్కులు చూపించడం మాత్రం మోసానికి దగ్గరగా వెళుతుంది, అందులో మీ ఒక్కరి వాటా చాలా చిన్నది.

బదిలీ విషయంలో నేను వెళ్ళమనీ అనను, ఉండమనీ అనను. ఇంటి పరిస్థితులో ఆరోగ్యమో కారణమైతే నిరభ్యంతరంగా పెట్టుకోండి. ఈ సమస్య నుంచి తప్పుకోవడానికే అయితే, వెళ్ళిన చోట కూడా ఎదురెదురు పేజీల పుస్తకమే ఉంటుంది, ప్రాథమిక బడిలోనైతే చిన్నపిల్లలతో ఇదే పని ఇంకా మొదటి మెట్టు నుంచి చేయాలి. దరఖాస్తు గడువుకు సమయముంటే ఒక్క యూనిట్ ఈ పద్ధతిలో చెప్పి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. చలన నియమాల యూనిట్ అయిపోయిందన్నారు కాబట్టి "పని, శక్తి"తో మొదలుపెట్టండి. మోటారు పంపుసెట్ ఎన్ని హార్స్‌పవర్ అన్నది ఆ అబ్బాయికి ఇంట్లో అన్నం తిన్నంత మామూలు మాట. పవర్ పాఠం వచ్చిన రోజు వాళ్ళ నాన్న కొట్టులోని మోటారు మీద ఉండే ఇనుప రేకును ఫోటో తీసుకురమ్మనండి. దాని మీద ఉండేవన్నీ ఇంగ్లీషు మాటలే, అవన్నీ అతను ఇదివరకే చదివి ఉంటాడు.